విశాఖలో ప్రభుత్వ హైస్కూళ్లు: ఏ బడి ఎలా ఉంది, దేన్ని చూసి ఎంచుకోవాలి?

కొమ్మాది అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాప ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి పూర్తిచేస్తోంది. ఎనిమిది నుంచి పది వరకు ప్రభుత్వ హైస్కూల్లో చదివించాలని నేను, మా వారు అనుకుంటున్నాం. ఫీజుల భారం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, పాపకు చదువంటేనే విసుగు పుడుతోంది. రాత్రి భోజనమయ్యాక కూడా నోటు పుస్తకంలోని జవాబులు మళ్లీ మళ్లీ రాస్తూ కూర్చుంటుంది. భిన్నాల లెక్క అలా ఎందుకు చేశావని అడిగితే "మేడమ్ అలాగే చెయ్యమన్నారు" అంటుంది.

మాకు దగ్గరలో చంద్రంపాలెం జెడ్పీ హైస్కూలు ఉంది. కాస్త దూరమైనా ఫర్వాలేదనుకుంటే ఆరిలోవ వైపు తోటగరువు జెడ్పీ. మా అత్తగారిల్లు వన్‌టౌన్‌లో. పాపను తన దగ్గర ఉంచితే క్వీన్ మేరీ ప్రభుత్వ బాలికల హైస్కూలుకు పంపుతానని ఆవిడ అంటున్నారు. ఎవరిని అడిగినా "పదో తరగతిలో ఎంత శాతం?" అనే మొదలుపెడుతున్నారు. శాతం చూసి బడిని ఎంచుకోవచ్చా? ఇంకేమేం చూడాలి? పిల్లల్ని పంపుతున్నవాళ్లు, ఈ బడుల్లో పాఠాలు చెప్పినవాళ్లు వివరంగా రాయండి.

పాతనగరం:
పోల్చడానికి ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి అమ్మా. "ప్రభుత్వ బడి" అని అందరం ఒకే మాట అంటాం గానీ విశాఖలో వాటి యాజమాన్యాలు వేరు. క్వీన్ మేరీ లాంటివి నేరుగా ప్రభుత్వానివి. నగరం లోపల ఎక్కువగా కనిపించేవి జీవీఎంసీ, అంటే నగర కార్పొరేషన్ హైస్కూళ్లు. 2005లో గాజువాక మునిసిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి గ్రేటర్ విశాఖ చేశారు. ఊళ్లు నగరంలో కలిశాయి గానీ ఆ ఊళ్ల హైస్కూళ్లు చాలావరకు జిల్లా పరిషత్తు కిందే ఉండిపోయాయి. మధురవాడ, గోపాలపట్నం, ఆరిలోవ వైపు నగరం మధ్యలోనే జెడ్పీ బోర్డులు కనిపించేది అందుకే. ఇవి కాక ప్రభుత్వ సాయంతో ప్రైవేటు యాజమాన్యాలు నడిపే ఎయిడెడ్ బడులు, కేంద్రీయ విద్యాలయాలు, మీ కొమ్మాదిలోనే ఉన్న నవోదయ.

సిలబస్, పాఠ్యపుస్తకాలు, పదో తరగతి పరీక్ష, మధ్యాహ్న భోజనం రాష్ట్ర బడులన్నిటికీ ఒకటే. తేడా వచ్చేది భవనం ఎవరు బాగుచేయించాలి, మనం ఎవరి గుమ్మం ఎక్కాలి అన్న చోట. కుళాయి విరిగితే కార్పొరేషన్‌కు వెళ్లాలో జెడ్పీకి వెళ్లాలో ముందే తెలుసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

విశ్రాంత లెక్కల మాస్టారు:
శాతం గురించి అడిగారు కాబట్టి చెబుతాను. నా సర్వీసంతా జెడ్పీ బడుల్లోనే గడిచింది.

ఒక బడిలో 30 మంది పరీక్ష రాసి 30 మందీ పాసయ్యారనుకోండి. నూరు శాతం. ఇంకో బడిలో 250 మంది రాసి 225 మంది పాసయ్యారు. తొంభై శాతం. మొదటి బడి గొప్పదని పేపర్లో వస్తుంది. కానీ రెండో బడిలో మూడు వీధుల అవతలి నుంచి, వలస కూలీల గుడిసెల నుంచి, మధ్యలో చదువు మానేసి మళ్లీ వచ్చిన పిల్లలూ ఉంటారు. ఎవరినీ కాదనకుండా చేర్చుకుని తొంభై శాతాన్ని గట్టెక్కించడం తేలికైన పని కాదు. పైగా మన పరీక్షలో పాసు మార్కు 35, హిందీకి 20. పాసయ్యారు అంటే ఏ మేరకు వచ్చినట్టో ఆలోచించండి. శాతం బదులు రెండు లెక్కలు అడగండి. 600కు 500 దాటినవాళ్లు ఎంతమంది? ఎనిమిదిలో చేరినవాళ్లలో పది పరీక్ష దాకా వచ్చినవాళ్లు ఎంతమంది? రెండో ప్రశ్న ఎవరూ అడగరు. బడి మనసు తెలిసేది మాత్రం ఆ లెక్కలోనే. చదువులో వెనుకబడిన పిల్లను తొమ్మిదిలో ఎలాగోలా వదిలించుకునే బడికి నూరు శాతం వచ్చినా నేను నమస్కారం పెట్టను.

అన్నిటికంటే ముందు అడగాల్సింది సబ్జెక్టు టీచర్ల గురించి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం. ఏడింటికీ స్కూల్ అసిస్టెంట్లు ఉన్నారా? ఉంటే ఎన్ని సెక్షన్లకు ఒకరు? లెక్కల పోస్టు ఖాళీగా ఉండి ఇంకొకరు సర్దుతుంటే, ఆ బడికి ఎంత పేరున్నా మీ పాపకు లాభం లేదు. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, 2025 సెప్టెంబరులో కొత్తవాళ్లకు నియామక పత్రాలూ ఇచ్చారు. కాబట్టి రెండేళ్ల కిందటి ఖాళీల కథలు ఇప్పుడు చెల్లకపోవచ్చు. ఇవాళ్టి స్థితి అడగండి.

ఇంకొకటి. 2025లో తెచ్చిన బదిలీల చట్టం ప్రకారం ఒకే చోట ప్రధానోపాధ్యాయులు ఐదేళ్లు, టీచర్లు ఎనిమిదేళ్లు దాటి ఉండకూడదు. ఆ వేసవిలోనే పెద్ద ఎత్తున బదిలీలు జరిగాయి. మీరు చూసే ఫలితాలు తెచ్చిపెట్టిన టీచర్లు ఇప్పుడు ఆ బడిలో లేకపోవచ్చు. బడి పేరు పదేళ్లు నిలుస్తుంది, టీచర్లు నిలవరు.

సీతమ్మధార నాన్న:
మాస్టారు చెప్పినవన్నీ నిజమే. కానీ నాకు రెండు భయాలున్నాయి, దాచుకోకుండా చెబుతాను. ఒకటి ఇంగ్లిష్. ప్రైవేటు బడి నుంచి వెళ్లిన పిల్ల అక్కడ వెనక్కి పోదా? రెండోది, ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఆరో తరగతి నుంచే చెప్పించే బడుల పిల్లలతో మన పిల్లలు రేపు పోటీపడాలి కదా? మేము కష్టమైనా ప్రైవేటులోనే ఉంచుతున్నది ఈ రెండింటి కోసమే.

భౌతికశాస్త్రం టీచరు:
సీతమ్మధార నాన్నగారూ, మీ భయం న్యాయమైనదే. రోజూ పిల్లల మధ్య ఉంటాను కాబట్టి కళ్లారా చూస్తున్నది చెబుతాను.

2020-21లో కింది తరగతులతో మొదలై, ఇప్పుడు మా హైస్కూలు పుస్తకాలూ రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. మొదట్లో నాకే నమ్మకం లేదు. ఇప్పుడు అదే మా పెద్ద ఆసరా. 'రిఫ్రాక్షన్' అని చదివి బిక్కమొహం వేసిన పిల్ల పక్క పేజీలో 'వక్రీభవనం', దాని కింద గాజు పలక గుండా వంగిన కిరణం బొమ్మ చూసి, మళ్లీ ఇంగ్లిష్ పేజీకి వచ్చి ఈసారి అర్థమై చదువుతుంది. ఇప్పుడు పదో తరగతి పరీక్ష రాసేవాళ్లలో అత్యధికులు ఇంగ్లిష్ మీడియమే. రాయడం వరకు మా పిల్లలు బాగానే ఉన్నారు. మాట్లాడటంలో బెదురు ఉంది, దాన్ని కాదనలేను. ఆ బెదురు తీరేది ఇంగ్లిష్ టీచరు చొరవను బట్టే. మీరు వెళ్లినప్పుడు ప్రార్థనలో వార్తలు పిల్లలే ఇంగ్లిష్‌లో చదువుతున్నారో లేదో చూడండి.

ఫౌండేషన్ సంగతి. ఎనిమిదో తరగతి పిల్లకు పదకొండో తరగతి సూత్రాలు బట్టీ పట్టించడం పునాది కాదు. సమీకరణంలో ఒక పదాన్ని అటు వైపుకు తీసుకెళ్తే గుర్తు ఎందుకు మారుతుందో చెప్పగలిగితే అది పునాది. ఈ ఒక్క ప్రశ్న మీ పిల్లల్ని అడిగి చూడండి. "అటు వెళ్తే మైనస్ అవుతుంది" అని ఆగిపోతే, ఎంత ఫీజు కట్టినా కింద మట్టి ఇంకా గట్టిపడలేదన్నమాట.

సీబీఎస్ఈ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. రాష్ట్రంలో 1,000 ప్రభుత్వ బడులను 2022-23లో సీబీఎస్ఈకి మార్చారు, 2024లో పదో తరగతిని తిరిగి రాష్ట్ర బోర్డుకే తెచ్చారు. కాబట్టి "అది సీబీఎస్ఈ బడి" అని పాత జాబితా చూసి ఎంచుకోకండి.

కేవీ తల్లి:
మా అబ్బాయి కేంద్రీయ విద్యాలయంలో చదువుతున్నాడు. విశాఖలో నేవీ, రైల్వే, పోర్టు ఉద్యోగులు ఎక్కువ కాబట్టి శ్రీవిజయనగర్, వాల్తేరు, ఎన్‌ఏడీ, మల్కాపురం లాంటి చోట్ల కేవీలు ఉన్నాయి. చదువు బాగుంటుంది, ఆటలు బాగుంటాయి. ఎనిమిది దాకా ట్యూషన్ ఫీజు లేదు, విద్యాలయ వికాస నిధి నెలకు 500. ఆడపిల్లలకు ఆ తర్వాతా ట్యూషన్ ఫీజు ఉండదు.

కానీ కొమ్మాది అమ్మగారికి ఆశ పెట్టి పంపడం నాకు ఇష్టం లేదు. సీట్లలో మొదటి వరుస బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లలది. ఎంపీ సిఫారసు సీట్లను 2022లోనే తీసేశారు. ఎనిమిదిలో ఖాళీ ఉంటేనే చేర్చుకుంటారు. తొమ్మిదిలో చేరాలంటే పరీక్ష రాయాలి. అందులో ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సోషల్‌తో పాటు హిందీకీ 20 మార్కులు. మన బడుల్లో హిందీని ఎంత తేలిగ్గా తీసుకుంటారో తెలిసిందే.

ఇంకో మాట బాధగానే చెబుతున్నాను. అక్కడ హిందీ, సంస్కృతం చదువుతారు గానీ తెలుగు ప్రధాన సబ్జెక్టు కాదు. మావాడు వాళ్ల తాతగారు రాసిన ఉత్తరం చదవలేడు. ఇంట్లో నేను కూర్చోబెట్టి నేర్పిస్తున్నాను. ఆ పని చేసే ఓపిక ఉన్నవాళ్లే అటు వెళ్లండి.

పెందుర్తి:
నవోదయ గురించి ఎవరైనా చెబితే, అది ఆరో తరగతికే ప్రధానంగా ప్రవేశం అని గుర్తుంచుకోండి. తొమ్మిదిలో మిగిలిన కొద్ది సీట్లకు ఇంకో పరీక్ష ఉంటుంది. పైగా సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకే. ఇంటి పక్కనే ఉంది కదా అనుకుంటే సరిపోదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎనిమిదో తరగతిలో ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడి పిల్లలకు మాత్రమే ఉన్న ఒక అవకాశం గురించి ఇక్కడ ఇంకా ఎవరూ రాయలేదు. ఎన్ఎంఎంఎస్, జాతీయ ఉపకార వేతన పరీక్ష. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. మేధాశక్తికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90. కేవీ, నవోదయ, రెసిడెన్షియల్ పిల్లలకు, ప్రైవేటు పిల్లలకు ఇది లేదు. దరఖాస్తు బడి నుంచే వెళ్లాలి. అందుకే ఏ బడికి వెళ్లినా "మీ దగ్గర గత ఏడాది ఎన్ఎంఎంఎస్ ఎంతమంది రాశారు, ఎంతమందికి వచ్చింది?" అని అడగండి. కొన్ని బడుల్లో టీచర్లు సాయంత్రాలు ఆగి మరీ తర్ఫీదు ఇస్తారు. కొన్ని చోట్ల నోటీసు బోర్డు మీద కాగితం అంటించి ఊరుకుంటారు. ఆ తేడా చాలా చెబుతుంది.

ట్రిపుల్ ఐటీ కూడా గుర్తు పెట్టుకోండి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, మనకు దగ్గరగా శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల. ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువుకు పదో తరగతి మార్కులతోనే సీట్లు ఇస్తారు. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. మా వీధిలో వెల్డింగ్ పని చేసే ఆయన కూతురు అలాగే వెళ్లింది. ఆ రోజు ఆయన వీధంతా మిఠాయి పంచాడు.

గాజువాక నాన్న:
నాది ఒకటే మాట. దూరం. మా వైపు హైవే మీద పోర్టు లారీలు, ట్రెయిలర్లు ఎలా వస్తాయో చూసినవాళ్లకు తెలుసు. మంచి పేరున్న బడి అని పిల్లాణ్ణి రెండు జంక్షన్ల అవతలికి పంపాను. ఇంటికొచ్చేసరికి అలిసిపోయి పుస్తకం మీదే నిద్రపోయేవాడు. తర్వాత నడిచి వెళ్లే బడికి మార్చాం. సాయంత్రం ఆడుకుంటున్నాడు, చదువుతున్నాడు. ఒంటిపూట బడులప్పుడు ఏడున్నరకల్లా బయలుదేరాలి, అదీ లెక్కలోకి తీసుకోండి.

ఆరిలోవ అక్క:
గాజువాక నాన్నగారి మాటకు ఒక చేర్పు. ఆడపిల్లలకు ఇప్పుడు బస్సు ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితమే. కాబట్టి ఒకటి రెండు స్టాపుల దూరానికి భయపడనక్కర్లేదు. అయితే హనుమంతవాక దగ్గర సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంటుంది. పుస్తకాల సంచితో ఎక్కడం కష్టం.

నేను రెండేళ్లు పేరెంట్స్ కమిటీలో ఉన్నాను. ఆడపిల్ల తల్లిగా నేను మొదట చూసేది మరుగుదొడ్లు. భవనం చూసి మురిసిపోవద్దు. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పనులు 2019 నవంబరులో మొదలయ్యాక చాలా బడులకు టైల్సు, బెంచీలు, ఆకుపచ్చ బోర్డులు వచ్చాయి, సంతోషమే. కానీ మధ్యాహ్నం భోజనం తర్వాత వెళ్లి చూడండి. నీళ్లు వస్తున్నాయా, తలుపు గడియ పడుతుందా, లోపల చెత్తబుట్ట ఉందా, ఆయా రోజూ వస్తోందా. గడియ పడని మరుగుదొడ్డి ఉన్న బడిలో పెద్దపిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. నెలలో కొన్ని రోజులు బడికే రారు. హాజరు రిజిస్టరులో అబ్బాయిల పేర్ల ఎదురుగా లేని ఖాళీలు అమ్మాయిల పేర్ల ఎదురుగా ఉంటే కారణం అక్కడ వెతకండి. మేము ఆ గడియల కోసం కమిటీలో పట్టుబట్టి తీర్మానం రాయించాం. వారం తిరక్కుండా పని అయింది. అడిగితే అవుతుంది. అడిగేవాళ్లు ఉండాలి.

భోజనం సంగతి. డొక్కా సీతమ్మ గారి పేరుతో పెడుతున్న మధ్యాహ్న భోజనానికి 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. గుడ్డు, చిక్కీ, రాగిజావ ఉంటాయి. ఎంతమంది టీచర్లు పిల్లలతో కలిసి అదే అన్నం తింటున్నారో చూడండి. టీచర్లు తినే బడిలో పప్పు పలచబడదు.

సీతమ్మధార నాన్న:
భౌతికశాస్త్రం టీచరు గారు చెప్పిన సమీకరణం ప్రశ్న మా అబ్బాయిని అడిగాను. "రూల్ అంతే" అన్నాడు. ఆదివారం వాడితో కూర్చుంటాను. బడి మార్చడం గురించి ఇంట్లో ఇంకా మాట్లాడుకోవాలి. క్రమశిక్షణ గురించి కూడా ఎవరైనా చెప్పండి, అదీ నా మనసులో ఉంది.

విశ్రాంత లెక్కల మాస్టారు:
క్రమశిక్షణ ప్రధానోపాధ్యాయుణ్ణి బట్టి ఉంటుంది నాన్నగారూ. పొద్దున గేటు దగ్గర ఎవరు నిలబడుతున్నారో చూడండి. పెద్ద బడుల్లో ఉండే చాలా సెక్షన్లలో ఒకటి రెండు అల్లరివి ఉంటాయి, అది సహజం. బెత్తం పట్టుకుని తిరిగే బడిని మాత్రం క్రమశిక్షణ గల బడి అనుకోవద్దు. పిల్లల్ని కొట్టడం విద్యాహక్కు చట్టం ప్రకారమే నిషిద్ధం.

కొమ్మాది అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, పాపను వెంటబెట్టుకుని రెండు బడులు చూసి వచ్చాం. పేర్లు రాయను. ఒక్క పూటలో చూసినదాన్ని బట్టి ఏ బడికీ ముద్ర వేయడం బాగుండదు.

మొదటి బడి చూడముచ్చటగా ఉంది. కొత్త రంగులు, తరగతి గదిలో పెద్ద తెర. ప్రధానోపాధ్యాయురాలు కూర్చోబెట్టి మాట్లాడారు. సబ్జెక్టు టీచర్ల గురించి అడిగితే లెక్కల పోస్టు ఒకటి ఖాళీ అని, మూడు సెక్షన్లకు సైన్సు టీచరే లెక్కలు చెబుతున్నారని దాచకుండా చెప్పారు. జూన్ నాటికి వస్తారా అంటే "అడుగుతున్నాం" అన్నారు. ఆవిడ నిజాయితీకి దండం పెట్టాలి. కానీ పాపకు కావలసింది లెక్కల టీచరే కదా.

రెండో బడి గోడలు పెచ్చులూడి ఉన్నాయి. మేము వెళ్లేసరికి ఒక తరగతిలో కిటికీలు మూసి, బల్ల మీద కొవ్వొత్తి వెలిగించారు. మధ్యలో కుంభాకార కటకం. ఒక అమ్మాయి తెల్లకాగితం పట్టుకుని ముందుకీ వెనక్కీ జరుపుతోంది. ఒకచోట కాగితం మీద మంట తలకిందులుగా స్పష్టంగా పడింది. తరగతంతా ఒక్కసారి "వచ్చింది" అని అరిచింది. టీచరు జవాబు చెప్పలేదు. "ఇప్పుడు కొవ్వొత్తిని దగ్గరికి తెస్తే బొమ్మ పెద్దదవుతుందా, చిన్నదవుతుందా? ముందు మీ ఊహ నోటు పుస్తకంలో రాయండి, తర్వాత చూద్దాం" అన్నారు. మా పాప గుమ్మం దగ్గర నిలబడి నా చెవిలో తన ఊహ చెప్పింది. అది సరైందే అయింది.

మరుగుదొడ్లు చూశాను. నాలుగింటిలో ఒకదానికి గడియ లేదు. ఆరిలోవ అక్క గారి మాట గుర్తుంచుకుని అక్కడే చెప్పాను, రాసుకున్నారు. ఎన్ఎంఎంఎస్ అడిగితే గత ఏడాది ఎంపికైన పిల్లల పేర్లు ఆఫీసు గది గోడ మీద రాసి ఉన్నాయి. ఏడు సబ్జెక్టులకూ టీచర్లు ఉన్నారు. మేము రెండో దానికే వెళ్తున్నాం. మా అత్తగారికి కాస్త నొచ్చింది. సెలవుల్లో పాపను తన దగ్గరికి పంపుతామని చెప్పాం.

ఒక సందేహం. ఇప్పుడున్న బడివాళ్లు మిగిలిన ఫీజు మొత్తం కడితేనే టీసీ ఇస్తామంటున్నారు. టీసీ లేకుండా చేర్చుకుంటారా?

ఎండాడ:
చేర్చుకోవాలి. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం పిల్లలు ఒక బడి నుంచి ప్రభుత్వ బడికి మారాలంటే పాత బడి ప్రధానోపాధ్యాయులు వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశం నిరాకరించకూడదు. ఈ చట్టం ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది, కాబట్టి మీరు ఇప్పుడు మారడమే మంచిది. ఆధార్, ఏడో తరగతి మార్కుల పత్రంతో పాటు పాప పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) తీసుకెళ్లండి. ప్రోగ్రెస్ కార్డు మీద లేకపోతే పాత బడిని అడిగితే చెబుతారు. ఆ నంబరుతో బడుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్‌లో పాప వివరాలు పాత బడి నుంచి కొత్త బడికి మారతాయి. పాత బడివాళ్లు ఆన్‌లైన్‌లో వదలకపోతే మండల విద్యాశాఖాధికారికి కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.

బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం వివరాలు కూడా కొత్త బడిలో సరిచూసుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం లేక డబ్బు ఆగిపోయినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. హాజరు 75 శాతం ఉండాలి. బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. పుస్తకాలు, సంచి, బూట్లు ఇచ్చే కిట్టుకు కొలతలు చేరినప్పుడే రాయించండి.

భౌతికశాస్త్రం టీచరు:
కొమ్మాది అమ్మగారూ, వేసవిలో పాపకు ట్యూషన్ పెట్టకండి. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి రెండు అధ్యాయాలు మీరే పక్కన కూర్చుని, తెలుగు పేజీ తను, ఇంగ్లిష్ పేజీ మీరు చదవండి. ఎక్కడ ఆగితే అక్కడ గీత పెట్టించి, ఆ గీతలున్న పుస్తకంతోనే జూన్‌లో బడికి పంపండి. వాళ్ల లెక్కల టీచరుకు అంతకంటే ఉపయోగపడేది ఇంకొకటి ఉండదు.